పదకొండు దొంగ ఉదయాలు

పోయినవారం మనం ఆసుపత్రి రెండో అంతస్తులో, ఎముకల స్కానింగు గది పక్కనున్న ఇరుకు గదిలో, కంప్యూటరు తెర మీద పక్కపక్కన నిలిచిన రెండు బొమ్మల ముందు ఆగిపోయాం. అవి ఏ మనిషి ఎముకలూ కావు. ప్లాస్టిక్ దిమ్మలో పోతపోసిన నకిలీ వెన్నుపూసలు. పుస్తకాల్లో ఆ దిమ్మ పేరు ఫాంటమ్. రోజూ పొద్దున యంత్రం వేడెక్కగానే, మొదటి మనిషి బల్ల ఎక్కకముందే, దాన్ని పడుకోబెట్టి ఒక స్కాను తీయాలి. దిమ్మ ఎప్పుడూ మారదు కాబట్టి, అంకె మారిందంటే తేడా యంత్రంలో ఉందని తెలిసిపోతుంది. దాని సేవ కానిదే ఆ గదిలో ఏ పనీ మొదలుకాదు. అందుకే అక్కడ అందరూ దాన్ని ‘అత్తగారు’ అంటారు. “అత్తగారు లేచారా?”, “అత్తగారి ఒంట్లో ఎలా ఉంది?” అన్నవి వాళ్ళ పొద్దుటి పలకరింపులు.

ఆ రెండు బొమ్మల్నీ తెర మీద పెట్టినవాడు పరిశోధనకు లెక్కలు చూసే మనిషి. ప్రధాన కార్యాలయం నుంచి ఒక సంచీ, ఒక గొడుగు పట్టుకుని ఆ పొద్దునే దిగాడు. అందరూ లెక్కలాయన అంటారు.

“ఈ రెండూ వేరువేరు రోజులవని రాసుంది,” అన్నాడు లెక్కలాయన. “ఇవిగో, ఇసుక చల్లినట్టుండే ఈ చుక్కలు చూడండి. ఒకే దిమ్మని ఒకే చోట పెట్టి నిమిషం తేడాలో రెండుసార్లు తీసినా ఇవి ఒక్కలా పడవు. ఇక్కడ చుక్క చుక్కా ఒక్కటే. అంటే ఒకే బొమ్మకి తారీఖు మార్చి పంపారు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎవరు చేశారమ్మా?”

చేసిందెవరో మనకు తెలుసు. తలుపు పక్కన ఫైళ్ళు గుండెకు హత్తుకుని నిలబడ్డ రబ్బరుకూ తెలుసు. పరిశోధనకు పంపే ప్రతి స్కాను మీదా మనిషి పేరు, ఊరు, పుట్టిన తేదీ తుడిచేసి, వాటి బదులు ఒక అంకె వేసి పంపడం ఆమె ఉద్యోగం. రెండేళ్ళ కిందట చేరిన మొదటి వారంలోనే ఎవరో సరదాకి రబ్బరు అన్నారు, అది అతుక్కుపోయింది. పేరు ఉండే చోటే తారీఖూ ఉంటుంది. పేరు తుడవడం చేతనైనవాళ్ళకు తారీఖు మార్చడం ఎంతసేపు?

అన్నీ తెలిసిన రబ్బరు నోరు మాత్రం పెగల్లేదు. పరిశోధన బాధ్యత చూసే డాక్టరమ్మ ఒకసారి గోడవైపు, ఒకసారి తెరవైపు చూస్తోంది. కిటికీ దగ్గర నిలబడ్డ పెద్దక్క గొంతు సవరించుకుంది.

“లాగిన్ నాది సార్,” అంది. “నేనే చేశాను.”

అదీ సంగతి. పెద్దక్కంటే ఆ గదికి ముప్పై ఏళ్ళ సర్వీసు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరు కాబోతున్న మనిషి. పొద్దున ఆ కంప్యూటరు ఆమె పేరుతోనే తెరుచుకుంటుంది, సాయంత్రం ఆమె పేరుతోనే మూతపడుతుంది. మధ్యలో ఎవరు ముట్టుకున్నా ఆమె చేసినట్టే నమోదవుతుంది. ఒకరి లాగిన్ మూసి ఇంకొకరిది తెరవాలంటే ఆ ముసలి కంప్యూటరు నాలుగు నిమిషాలు మూలుగుతుంది. బయట బెంచీల మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నవాళ్ళను చూస్తూ ఆ నాలుగు నిమిషాలు వృథా చేయడానికి ఎవరికీ మనసొప్పక, పాస్‌వర్డు రాసిన చీటీ కీబోర్డు కిందే కాపురముంటోంది.

“మీరా?” అంది డాక్టరమ్మ, కళ్ళజోడు తీసి. “పెద్దక్కా, నేను హౌస్ సర్జన్‌గా వచ్చినప్పుడు మనిషిని ఆ బల్ల మీద ఎలా పడుకోబెట్టాలో నేర్పింది మీరు. తుంటి వంచవలసిన కోణం ఒక్క డిగ్రీ తేడా వస్తే నన్ను అందరి ముందూ తిట్టారు.”

“తిట్టాను,” అంది పెద్దక్క.

“మరి ఇదేమిటి?”

“ఏం చెప్పను మేడమ్? చేశానన్నాను కదా.”

లెక్కలాయన మంచివాడే, కానీ లెక్క మధ్యలో వదిలే రకం కాదు. తనకెలా అనుమానం వచ్చిందో చెప్పుకుపోయాడు. పరిశోధన సంగతి చాలా సూటిది. ఎముకలు గుల్లబారకుండా అయిదేళ్ళపాటు మాత్ర వాడిన పెద్దవయసు ఆడవాళ్ళు ఇప్పుడు దాన్ని ఆపితే ఏమవుతుందో చూడటం. ఆరు నెలలకోసారి స్కాను తీస్తారు. ఎముక పలచబడితే వెంటనే మాత్ర మళ్ళీ మొదలుపెడతారు, లేకపోతే లేదు. ఈ ఆసుపత్రిలో ఆర్నెల్ల కిందట ఒక రెండు వారాల్లో స్కాను తీయించుకున్న పంతొమ్మిది మందికి ఎముకలు భేషుగ్గా ఉన్నాయని వచ్చింది. ఈసారి తీయించుకున్నవాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఒక్కసారిగా పడిపోయాయి.

“ఇంతమంది ఎముకలు కూడబలుక్కుని కరుగుతాయా? కరగవు,” అన్నాడు. “అప్పుడు యంత్రం ఎక్కువ చూపించింది. తర్వాత సర్వీసువాళ్ళొచ్చి ఏదో భాగం మార్చారు, సర్దుకుంది. ఆ మధ్య రోజుల్లో ఫాంటమ్ నిజంగా తీసుంటే మొదటి పొద్దునే దొరికిపోయేది. మాత్ర మళ్ళీ మొదలుపెట్టాల్సినవాళ్ళకి మొదలుపెట్టలేదు. అదీ తేడా.”

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తర్వాత ఆమె గొంతు మారిపోయింది. “నాలుగింటిలోగా మీరు చేసింది రాసివ్వండి. నేను కమిటీకి పంపాలి.” తర్వాత తలుపువైపు తిరిగింది. “నువ్వు జాబితా తెరువమ్మా. ఏ అంకె ఎవరిదో తెలిసినదానివి నువ్వొక్కదానివే. పంతొమ్మిది మందికీ ఫోన్ చెయ్యి. వీలైనంత తొందరగా మళ్ళీ రమ్మని చెప్పు. అడిగితే యంత్రం తప్పు చూపిందని చెప్పు. అబద్ధం చెప్పకు.”

“అలాగే మేడమ్,” అంది రబ్బరు. ఆ గదిలో ఆ పూట ఆమె అన్న మాట అదొక్కటే. అబద్ధం చెప్పకు అన్న మాటకు అలాగే అన్నందుకు ఆమెకు తల కొట్టేసినట్టయింది.

రబ్బరు ఆ పని ఎందుకు చేసిందో కూడా చెప్పుకోవాలి. గొప్ప కారణం ఏదైనా ఉంటే మనకూ బాగుండేది, ఆమెకూ బాగుండేది. ఇంట్లో ఎవరికీ జబ్బు చేయలేదు. బస్సులు ఆగిపోలేదు. పెద్దక్క రిటైరయ్యాక ఆ కుర్చీ ఎవరికివ్వాలో తేల్చే పరీక్ష ఒకటుంది. దానికి పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా పదకొండు రోజుల కోచింగు పెట్టారు. అత్తగారి సేవ ఏడున్నరకు, అదీ రబ్బరు పనే. రెండూ కుదరవు. సెలవు అడిగితే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెబితే పెద్దక్క ఇంకా కుర్చీలో ఉండగానే దాని మీద కన్నేసిందంటారు. అంతే కారణం. ఎనిమిదింటికి పరుగున వచ్చి, ముందు అత్తగారి సంగతి చూడమని యంత్రం తెర మీద అడిగితే ‘తర్వాత’ అని నొక్కి, మొదటి రోగిని లోపలికి పిలిచేది. మధ్యాహ్నం తీరికగా పాత బొమ్మ ఒకటి తీసి తారీఖు మార్చేది. మొదటిరోజు చేతులు వణికాయి. నాలుగోరోజుకి వణకలేదు. అది తలుచుకుంటేనే ఇప్పుడు ఆమెకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది.

ఇంకొకటుంది. అది ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నవాడికి కూడా. కోచింగులో ఏడోరోజు పాఠం, ఫాంటమ్ రోజూ ఎందుకు తీయాలి అన్నది. పాఠం చెప్పేవాడు ప్రశ్న అడగ్గానే అందరికంటే ముందు చెయ్యెత్తి, గడగడా జవాబు చెప్పింది. “చూడండి, పని తెలిసినవాళ్ళు ఇలా ఉంటారు,” అని ఆయన మెచ్చుకుంటే సంతోషంగా కూర్చుంది. సంతోషం నటించలేదు, నిజంగానే పడింది.

జాబితా ఇనప బీరువాలో రెండు తాళాల వెనక ఉంటుంది. రబ్బరు దాన్ని బయటికి తీసి, పంతొమ్మిది అంకెలకూ పంతొమ్మిది పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుంది. రోజూ పేర్లు తుడిచే చేత్తో వాటిని మళ్ళీ రాస్తుంటే, ఒక్కొక్క అంకె వెనక నుంచీ ఒక్కొక్క ముఖం లేచి కూర్చుంది. ఒకావిడ చెవిటిది, స్కాను తీస్తున్నంతసేపూ పాట పాడుకునేది. ఒకావిడ చెప్పులు బయట విప్పితే పోతాయని లోపలికి తెచ్చుకుని దాచుకునేది.

మొదటి ఫోన్ ఒక రిటైరైన టీచరుకు. “మళ్ళీనా? మొన్ననే కదమ్మా రమ్మంది,” అని విసుక్కుని, యంత్రం తప్పు చూపిందని చెప్పగానే మెత్తబడింది. “యంత్రమే కదా, మనుషులమే తప్పులు చేస్తున్నాం. వస్తాలే.” రెండో ఆవిడ భర్త ఫోనెత్తి, భార్యకిచ్చే ముందు తన మోకాళ్ళ కథ పావుగంట చెప్పాడు. ఒకావిడ “నా ఎముకలు బాగాలేవనా నీ ఉద్దేశం?” అని కయ్యానికొచ్చింది. పేర్ల పక్కన టిక్కులు పడుతున్నాయి. తిట్టినవాళ్ళతో మాట్లాడటమే రబ్బరుకు తేలికనిపించింది. “పాపం నీకెంత పని పడిందో” అన్నవాళ్ళతో మాట్లాడాక మాత్రం రిసీవరు పెట్టేసి కాసేపు ఊరికే కూర్చుంది.

పద్నాలుగో ఫోన్ నలభై మూడో అంకెకు. ఎత్తింది కోడలు.

“అత్తయ్య ఫోన్ దగ్గరికి రాలేరండీ. మీ ఆసుపత్రిలోనే ఉన్నారు, కింద ఎముకల వార్డులో. మెట్ల మీద పడ్డారు. తుంటి విరిగింది. తొమ్మిది రోజులైంది,” అంది. తర్వాత, “మీరు అక్కడివారే కదా, తెలియలేదా?” అని అడిగింది. అందులో నిష్ఠూరం ఏమీ లేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది.

తెలియదు. రెండు అంతస్తుల కింద తొమ్మిది రోజులుగా ఆవిడ పడుకునుంటే రబ్బరుకు తెలియదు. ఆమెకు తెలిసింది నలభై మూడు అన్న అంకె ఒక్కటే. ఫోన్ పెట్టేసి, మిగిలిన అయిదుగురికీ చేసింది. తప్పించుకుంటోందని ఆమెకే తెలుస్తోంది. ఆఖరి టిక్కు పడ్డాక ఇక చేయడానికి పనేమీ మిగల్లేదు. మెట్లు దిగింది.

వార్డులో కిటికీ పక్క మంచం. కాలు కదలకుండా అటూ ఇటూ దిండ్లు పెట్టి ఉంచారు. నలభై ఏళ్ళు బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టిన దర్జీ ఆవిడ. చేతులు ఊరికే ఉండలేక దుప్పటి అంచు మడత పెడుతున్నాయి, విప్పుతున్నాయి. రబ్బరును చూడగానే ముఖం వెలిగింది.

“నువ్వా తల్లీ! పైన స్కానింగు పిల్లవి కదూ! రా, రా. ఆ స్టూలు లాక్కో. నీకు కబురు పంపుదామంటే నీ పేరేమిటో తెలీదాయె.”

“ఎలా ఉందమ్మా?”

“ఎలా ఉంటుంది, ఉంది. అది కాదుగానీ, నేను వచ్చేవారం నీ దగ్గరికి రావాలి కదా. కాయితం మీద రాసిచ్చావు. ఈ కాలుతో వస్తే లెక్కలోకి తీసుకుంటారా? నా అంకె కొట్టేస్తారా?”

రబ్బరు ఏదో అనబోయింది. ఆవిడ అననివ్వలేదు.

“మీ పరిశోధన నేను పాడుచేశానేమో అని తొమ్మిది రోజుల నుంచీ ఇదే బెంగ నాకు. నువ్వు ఆ రోజు ఎముకలు బాగున్నాయమ్మా అన్నావు చూడు, ఇంటికెళ్ళి చేతికర్ర మూలన పడేశాను. వీధిలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను, మాత్ర లేకుండానే నిలబడ్డానని. అంత బాగున్నవాటిని కాపాడుకోవడం నాకు చేతకాలేదు. డాక్టరమ్మకి నా మీద కోపమొస్తే కాస్త నువ్వు సర్ది చెప్పు తల్లీ.”

సిగ్గు అంటే ఇలా ఉంటుందని రబ్బరుకు ఇన్నేళ్ళూ తెలియదు. తప్పు చేసినప్పుడు పడిన సిగ్గు ఇందులో పావు వంతు కూడా లేదు. తన మూలంగా మంచం పట్టిన మనిషి తననే క్షమించమని అడుగుతోంది. స్టూలు మీద కూర్చోవడానికి ముఖం చెల్లక లేచి నిలబడింది.

“మీ తప్పేం లేదమ్మా. ఆ రోజు యంత్రం తప్పు చూపించింది. ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది.”

“అయ్యో, అలాగా? యంత్రాలన్నాక...”

“యంత్రం తప్పు చూపిస్తోందో లేదో రోజూ పొద్దున చూడాల్సిన పని నాది. నేను చూడలేదు. పదకొండు రోజులు చూడలేదు. చూసినట్టు రాసేశాను.”

దుప్పటి అంచు మీద చేతులు ఆగిపోయాయి.

“కొలత తీయకుండానే తీసినట్టు రాశావా?” అంది దర్జీ ఆవిడ.

“రాశాను.”

కేకలు వేస్తుందేమోనని రబ్బరు కాచుకుంది. వేస్తే బాగుండుననుకుంది.

“నేనూ చేశాను అలాంటివి,” అంది చివరికి, తనలో తను చెప్పుకుంటున్నట్టు. “బడులు తెరిచే ముందు తెమలక, పోయినేడు కొలతలతోనే ఈ ఏడూ కుట్టేసేదాన్ని. పిల్ల వేసుకోగానే బిగుతైందని తెలిసిపోయేది. తిట్లు తిని, విప్పి, మళ్ళీ కుట్టేదాన్ని.” చెయ్యి మెల్లగా దిండు మీదికి, విరిగిన తుంటి దగ్గరికి వెళ్ళింది. “ఇది విప్పి కుట్టేది కాదు కదా.”

“మాత్ర వేసుకునుంటే విరిగేది కాదని...” రబ్బరు మంచం అంచు పట్టుకుంది. “అలా కచ్చితంగా ఎవరూ చెప్పలేరమ్మా. విరిగేదే అని కూడా చెప్పలేరు.”

“సరేలే. నువ్వెళ్ళు తల్లీ. నాకు కాస్త కళ్ళు మూసుకోవాలనుంది.”

తల్లీ అనే అంది. కానీ ముఖం గోడవైపు తిప్పుకుంది. రబ్బరు వార్డు దాటేదాకా వెనక్కి చూడలేకపోయింది.

మూడున్నర అవుతుండగా, మెట్ల మలుపులో బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్న పెద్దక్క కనిపించింది. గుండ్రటి అక్షరాలు. రోగుల పేర్లు ఎలా రాస్తుందో ఇదీ అలాగే, తొందర లేకుండా రాస్తోంది.

“అక్కా, చించెయ్యండది,” అంది రబ్బరు, ఆయాసపడుతూ. “నేను చెప్పేస్తాను. అందరికీ చెప్పేస్తాను.”

“గట్టిగా మాట్లాడకు. నాకు నాలుగు నెలలు మిగిలాయి. నీకు ఇంకా ఇరవై ఏళ్ళ సర్వీసుంది. ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు.”

“మీకు తెలుసా, నేనే అని?”

పెద్దక్క కలం మూత పెట్టింది. “మొదటిరోజే తెలుసు. ముందురోజు సాయంత్రం అత్తగారిని దాచే పెట్టె మీద నా కళ్ళజోడు కవరు మర్చిపోయి వెళ్ళాను. పొద్దున వచ్చి చూస్తే అలాగే ఉంది. పెట్టె తెరవకుండా ఆవిడ ఎలా లేస్తుంది? ‘అత్తగారి సేవ అయిందా’ అంటే ‘అయిందక్కా’ అన్నావు.”

“మరి అడగలేదేం? చెవి మెలిపెట్టి అడగాల్సింది కదక్కా!”

“అడిగితే నువ్వు చెప్పేసేదానివి. నువ్వు చెబితే నేనేదో ఒకటి చెయ్యాల్సొచ్చేది.” మళ్ళీ కలం తీసుకుంది. “పో. ముఖం కడుక్కుని రా. ఏడ్చినట్టు కనపడకు.”

పక్కనే ఉన్న కుళాయి దగ్గర రబ్బరు చాలాసేపు ముఖం కడుక్కుంది. ఇన్నాళ్ళూ ఆ మనిషి కుర్చీ కోసం ఆ మనిషినే మోసం చేస్తూ వచ్చానని తలుచుకుంటే, నీళ్ళు చల్లుకున్న ముఖం మళ్ళీ వేడెక్కింది. ఈ ముప్పై ఏళ్ళలో ఒక్క మచ్చలేని మనిషి, తన కోసం మచ్చ పులుముకుని ఇంటికి పోతానంటోంది. తను మాత్రం కుళాయి ముందు ఏడుపు దాచుకుంటోంది.

నాలుగింటికి మళ్ళీ అదే గది, అవే నాలుగు కుర్చీలు. పెద్దక్కా, రబ్బరూ నిలబడే ఉన్నారు. మడత పెట్టిన ఉత్తరం డాక్టరమ్మ ముందుంది. ఇంకా విప్పలేదు.

“అందరికీ చేశావా?” అంది డాక్టరమ్మ.

“చేశాను మేడమ్. పద్దెనిమిది మంది వస్తామన్నారు. నలభై మూడో ఆవిడ కింద వార్డులో ఉన్నారు. తుంటి విరిగింది.”

డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. పెద్దక్క వైపు చూడలేదు. “సోమవారం నుంచి ఈ గది నువ్వే చూసుకోవాలి,” అంది రబ్బరుతో. “పరీక్ష ఫలితాలు మధ్యాహ్నం వచ్చాయి. నువ్వే మొదట వచ్చావు. ఇలాంటి రోజున చెప్పాల్సిన మాట కాదు. కానీ ఈ గదిని మళ్ళీ నమ్మేలా చెయ్యడానికి ఎవరో ఒకరు కావాలి నాకు.”

ఇక్కడ మనం రబ్బరును కాస్త అర్థం చేసుకోవాలి. ఆమె అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు. సరే మేడమ్ అంటే చాలు. కుర్చీ వస్తుంది, పెద్దక్క మాటా నిలబడుతుంది, లోకం ఎప్పటిలా నడుస్తుంది. ఆ ‘సరే’ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అక్కడే ఆగింది. గోడవైపు తిరిగిన ముఖం ఒకటి కళ్ళ ముందు నుంచి కదలటం లేదు.

“పెద్దక్క చెయ్యలేదు మేడమ్. నేను చేశాను.”

అని ఆగలేదు. ఆగితే మళ్ళీ నోరు రాదని భయం. కోచింగు సంగతి చెప్పింది. కీబోర్డు కింద చీటీ సంగతి చెప్పింది. పదకొండు తారీఖులూ వేళ్ళ మీద లెక్కపెడుతూ వరసగా చెప్పింది. ఆర్నెల్లయినా ఒక్కటీ తడబడలేదు. అవి ఆమెకు ఎంత బాగా గుర్తున్నాయో చూసి డాక్టరమ్మ ముఖం పాలిపోయింది.

“వాళ్ళందరికీ పొద్దున్నుంచీ నువ్వే ఫోన్ చేశావు,” అంది నెమ్మదిగా. “యంత్రం తప్పు చూపిందని, ఈ నోటితోనే చెప్పావు.”

“చెప్పాను మేడమ్.”

“ఫస్ట్ వచ్చావని ఇందాక నేను చెబుతుంటే విన్నావు.”

“విన్నాను.”

అంతకంటే తిట్టలేదు. తిట్టి ఉంటే రబ్బరు ఎక్కడో ఒకచోట తల దాచుకునేది. ఆ చూపు ముందు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తన చెప్పుల వంకే చూస్తూ నిలబడింది.

లెక్కలాయన ఈ గొడవంతా పట్టనట్టు, సంచీలోంచి కాగితాలు తీసి, రబ్బరు చెప్పిన తారీఖులకు ఒక్కొక్కదానికీ పెన్సిలుతో గీత పెడుతున్నాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని మూడోసారి చూశాడు.

“అమ్మా, నువ్వు చెప్పిన పదకొండూ సరిపోయాయి,” అన్నాడు. “కానీ నా దగ్గరున్నవి పద్నాలుగు.”

“నేను చేసినవి పదకొండే సార్. ఒట్టు.”

“నువ్వు కాదులే. మిగతా మూడూ నువ్వు ఈ ఉద్యోగంలో చేరడానికి ముందువి.”

రబ్బరు తలెత్తింది. ఒక్క క్షణం గుండెలో ఏదో బరువు దిగినట్టయింది. తనొక్కతే కాదన్న ఊరట అది. పాడు ఊరట. దాన్ని గుర్తుపట్టగానే, ఆ పొద్దుటి నుంచీ పడిన సిగ్గులన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది. పెద్దక్క వైపు తిరగడానికి మనసు రాలేదు. కానీ డాక్టరమ్మ అప్పటికే తిరిగింది. లెక్కలాయనా తిరిగాడు.

“అందుకే పొద్దున నేనే చేశానన్నాను,” అంది పెద్దక్క. “ఈ పిల్ల నన్ను దేవతను చేసి చూస్తోంది మెట్ల దగ్గర్నుంచీ. ఆ చూపు నేను పడలేకపోతున్నాను. పెట్టె చూసి కనిపెట్టానన్నానే, ఎలా కనిపెట్టాననుకుంటున్నావే? దొంగ పొద్దులు ఎలా ఉంటాయో నాకు తెలుసు కాబట్టి.”

“మూడే కదా పెద్దక్కా?” అంది డాక్టరమ్మ. అడగటం కాదు, బతిమాలుకోవడంలా ఉంది. “మూడు రోజులే కదా?”

“సార్ దగ్గరున్నవి మూడు మేడమ్. పరిశోధన వచ్చాక బొమ్మ పంపమంటున్నారు కాబట్టి అవి దొరికాయి. అంతకుముందు బొమ్మ అడిగినవాళ్ళెవరు? పుస్తకంలో అంకె వేస్తే సరిపోయేది.”

లెక్కలాయన చేతిలో పెన్సిలు ఆగిపోయింది. బయట బెంచీల మీద ఎవరో మెల్లగా దగ్గుతున్నారు.

“అంతకుముందు ఎన్ని?” అని అడిగింది డాక్టరమ్మ.

పెద్దక్క చెయ్యి చాపి కుర్చీ వెతుక్కుని, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, డాక్టరు కూర్చోమనకుండానే కూర్చుంది.